నాగమ్మత్త తీసుకోని బియ్యం

ముందే చెబుతున్నా, నేను గుడి మానెయ్యటానికి పెద్ద కారణమేమీ లేదు. మా ఇంట్లో ఎవరూ చావలేదు. పాస్టరుగారు నన్నొక మాట అనలేదు. ఏ పుస్తకమో చదివి చెడిపోనూ లేదు. ఒక ఆదివారం అందరితోపాటు కళ్ళు మూసుకుని నిలబడితే ఎదర ఎవరూ లేరని తెలిసింది, అంతే. తాళం వేసిన ఇంటి తలుపు కొడుతున్నట్టు అనిపించింది. ఆ తర్వాతి ఆదివారం ఇంట్లోనే ఉండి తలంటుకున్నాను.

మా ఆయన ప్రభుదాస్ రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తా. సంఘంలో పెద్ద కూడా. పాపం ఆయన కొన్ని వారాలపాటు "రూబీకి జ్వరమండి" అని చెప్పుకొచ్చాడు.

"ఇంకెన్నాళ్ళు పెడతారండీ నాకు జ్వరం? నిజం చెప్పెయ్యండి," అన్నాను.

"నాకు సిగ్గేస్తుందే," అన్నాడాయన. నాకు నవ్వొచ్చింది. సిగ్గంటే ఏంటో అప్పటికి నాకు తెలియదు మరి.

పెనుమూడి రోడ్డులో మా పక్క ఊళ్ళో నేను గవర్నమెంటు బడి టీచర్ని. అందుకే మా పేటలో నా మాటకి బరువెక్కువ. టీచరమ్మ చెప్పిందంటే చెప్పిందే. పిల్లలకి టీకాలేయించటం దగ్గర్నుంచి ఏ బ్యాంకులో ఖాతా తెరవాలన్నదాకా నన్నే అడుగుతారు. ఈ గౌరవం మనిషిని పాడుచేస్తుంది. నన్ను పాడుచేసింది.

మా పేటలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. ఎసరు పెట్టి బియ్యం కడగబోయేముందు అందులోంచి గుప్పెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తారు. పిడికెడు బియ్యం అంటాం. అది దేవుడి పాలు. నెలకోసారి బైబిలు స్త్రీ సంచి పట్టుకుని ఇంటింటికీ వచ్చి, గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి, ఆ బియ్యం పోయించుకుపోతుంది. సగం గుడికి, సగం ఆవిడకి. మా బైబిలు స్త్రీ నాగమ్మత్త.

నాగమ్మత్త ఏదో పుణ్యాత్మురాలని అనుకునేరు. కాదు. ఈ ఇంటి మాట ఆ ఇంట్లో చేరవేసేది. టీ బాగా పెట్టే ఇంట్లో ప్రార్థన సాగదీసేది. బియ్యం తక్కువ పోస్తే "దేవుడికి పెట్టే చెయ్యి ఇంత చిన్నదా అమ్మా?" అని మొహం మీదే అడిగేది. పిట్టలవానిపాలెం నుంచి నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ నన్ను కోడలా అనే పిలుస్తుంది, చుట్టరికమేమీ లేకపోయినా.

కోతల ముందు, నవంబరులో వచ్చింది. "వందనాలు కోడలా. డబ్బా తీసుకురా, ఉక్కపోసి చస్తన్నా."

"లేదత్తా. ఇక నేను పిడికెడు బియ్యం తియ్యను."

"అయిపోయాయా? పోన్లే, రేప్పొద్దున వస్తా."

"అయిపోవటం కాదు. తియ్యదలుచుకోలేదు. నమ్మకం లేకుండా ఇస్తే అబద్ధమాడినట్టే గదా?"

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పక్కింటి అరుగు మీద కోటేశ్వరమ్మ వదిన మినుములు బాగుచేస్తోంది. ఎదురింటి ఆడవాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చారు. నలుగురు కనపడితే నా నోరు ఊరుకోదు, బడి అలవాటు.

"అసలు దేవుడికి బియ్యం దేనికి వదినా?" అన్నాను కోటేశ్వరమ్మ వైపు తిరిగి. "ఆయనేమన్నా ఎసరు పెట్టుకుంటాడా? మనం తినే కంచంలోంచి తీసి, లేనివాడికి పెడుతున్నాం."

అందరూ నవ్వారు. నాగమ్మత్త సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "పాఠం బాగా చెప్పావమ్మా," అంది. పోబోతూ ఆగి, కళ్ళు మూసుకుని, మా గుమ్మం ముందు ప్రార్థన చేసింది.

"వద్దన్నాను గదత్తా!"

"మానింది నువ్వు గదా. ఇల్లేం చేసింది పాపం," అని వెళ్ళిపోయింది.

ఆ పూట అన్నం నాకెంత రుచిగా ఉందో చెప్పలేను. ఉన్నమాట చెప్పి, ఎవరికీ భయపడకుండా బతికే మనిషి ఈ పేటలో నేనొక్కదాన్నే అనిపించింది.

కాని చెయ్యి ఉంది చూశారూ, దానికి బుద్ధి లేదు. మర్నాడు పొద్దున బడికి టైమైపోతోందని హడావుడిగా బియ్యం కొలుస్తుంటే అది తన పని తను చేసేసింది. గుప్పెడు తీసి డబ్బాలో వేసేసింది. చూసుకుని నాలుక కరుచుకున్నాను. తీసి మళ్ళీ గిన్నెలో పోద్దామంటే ఎందుకో చేతులు రాలేదు. మర్నాడూ అంతే. ఇరవై ఏళ్ళ అలవాటు. మా ఆయన వంటింట్లోకి వచ్చి డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. ఆ ఏమీ అనకపోవటానికే నాకు ఒళ్ళు మండేది.

ఆ నెలాఖరుకి తుపాను పట్టింది. కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడుకున్నాయి. ఎండ వచ్చేసరికి కంకుల మీదే మొలకలు. ఉన్నదాన్నైనా దక్కించుకుందామని రైతులు కోత మిషన్లు దించారు. మా పేట ఆడవాళ్ళకి ఏటా కోతల్లో వచ్చే కూలి ఆ ఏడు రాలేదు. మిల్లులో తడిసిన ధాన్యం కొనటం లేదని, రైతులు వచ్చి గొడవపడుతున్నారని మా ఆయన చెప్పేవాడు. నేను బడికి వెళ్ళి వస్తూనే ఉన్నాను. నెల జీతం మనిషికి తుపాను ఏముంది, గొడుగు తడుస్తుంది, అంతే.

డిసెంబరు మొదట్లో ఒక రోజు మధ్యాహ్నం, పిల్లల భోజనాలయ్యాక, వంటషెడ్డు వెనక నుంచి మాటలు వినపడ్డాయి. బళ్ళో వంట చేసే గౌస్ బీతో ఎవరో మాట్లాడుతున్నారు. తొంగి చూశాను.

నాగమ్మత్త. చేతిలో మూత ఉన్న స్టీలు గిన్నె. "మిగిలితే ఇంత పెట్టమ్మా, కోళ్ళకి," అంటోంది.

గౌస్ బీ గరిటెతో అన్నం పెడుతోంది. నన్ను చూసిన నాగమ్మత్త గిన్నె మీద పైట కప్పుకుంది. నన్ను ఎప్పుడు చూసినా కోడలా అని అరిచే మనిషి, ఎవరో దారినపోయేదాన్ని చూసినట్టు చూసి, గోడ పక్కనుంచి వెళ్ళిపోయింది. నా దాకా రాకుండా పోవటానికి బురదలో దిగి నడిచింది.

"కోళ్ళకంటండి," అంది గౌస్ బీ గిన్నెలు తోముకుంటూ. "ఆవిడకి కోళ్ళెక్కడున్నాయండి టీచరుగారూ? నేను మాత్రం అడగలేదండి. అడిగితే మళ్ళీ రారు గదా."

తల కొట్టేసినట్టయింది నాకు.

నాగమ్మత్త ఆ బియ్యం మీదే బతుకుతుందని నీకు తెలియదా అంటారేమో. తెలుసు. పింఛను వచ్చిన రోజు కొడుకు రమేష్ బాబు తెనాలి బండిలో దిగి, డబ్బు పట్టుకుని, తిరుగు బండిలో పోతాడని తెలుసు. రేషన్ కార్డూ వాడి దగ్గరే ఉందని తెలుసు. అన్నీ తెలుసు. ఆ రోజు అరుగు మీద పాఠం చెప్పేటప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు దేవుడితో తగువుంటే ఉండొచ్చు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, ఆ తగువు తీసుకెళ్ళి ఆవిడ కంచం మీద పెట్టాను.

పైగా నేనొక్కదాన్నే అయితే పోనీ. ఆరా తీస్తే తెలిసింది, నన్ను చూసి మా వీధిలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళూ మానేశారట. అసలే కూలి లేని రోజులు. మానటానికి ఒక మంచి మాట కావాల్సి వచ్చింది వాళ్ళకి. ఆ మాట నేనే ఇచ్చాను.

ఆ సాయంత్రం డబ్బాలో బియ్యానికి ఇంకాసిని కలిపి సంచిలో పోసి మా ఆయన ముందు పెట్టాను. "ఇవి నాగమ్మత్తకి ఇచ్చి రండి. నేనిచ్చానని చెప్పకండి. సంఘం వాళ్ళు పంపారని చెప్పండి."

ఆయన సంచి వైపు చూశాడు. "అబద్ధమాడటం ఇష్టం లేక గదే నువ్వు గుడి మానింది?"

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అందుకే ఇంకా బాధేసింది. "వెళ్తారా లేదా?" అని కసిరాను. వెళ్ళాడు పాపం.

మర్నాడు పొద్దున పంపు దగ్గర వీధంతా బిందెలతో నిలబడి ఉన్న వేళ నాగమ్మత్త వచ్చింది. సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

"ఇదిగో నీ బియ్యం."

"నావి కాదత్తా, సంఘం..."

"ఊరుకో. పేటంతా కోటా బియ్యం తింటుంటే సంఘానికి మిల్లు సన్నబియ్యం ఎక్కడియ్యే? అయినా మీ ఆయన మొహం చూస్తేనే తెలిసింది. ఆయనకి అబద్ధం చేతగాదు, ఎందుకు పెడతావు ఆ పని?"

నేను గొంతు తగ్గించాను. "అత్తా, నీ పరిస్థితి నాకు తెలుసు. ఆకలి దగ్గర పంతమేంటి? ఎప్పుడూ తీసుకునే బియ్యమే గదా ఇవి. పోయిన నెల దాకా తీసుకున్నావు."

ఆవిడ గొంతు తగ్గించలేదు. "పోయిన నెల దాకా నాకిచ్చావా నువ్వు? దేవుడికిచ్చావు. ఆయన దగ్గర నేను తీసుకున్నా. ఇన్నేళ్ళలో నీ గుమ్మంలో నిలబడి నాకు పెట్టు తల్లీ అని ఒక్కనాడన్నా అన్నానా? ఆయనది అడిగా. దర్జాగా అడిగా. తక్కువ పోస్తే తిట్టా కూడా."

నిజమే, తిట్టింది.

"ఇప్పుడు మధ్యలోంచి ఆయన్ని తీసేశావు. బాగుంది, నీ ఇష్టం, చదువుకున్నదానివి. ఇక మిగిలిందెవరు? పెట్టేదానివి నువ్వు, అడుక్కునేదాన్ని నేను. అడుక్కునే బతుకు నాకొద్దమ్మా."

"పోనీ దేవుడి పేరు మీదే ఇస్తున్నాననుకో..."

"ఎందుకనుకోవాలి? నువ్వు అనుకుంటున్నావా?"

కోటేశ్వరమ్మ వదిన సరిగా వినపడటానికి పంపు కట్టేసి మరీ వింటోంది. నాగమ్మత్త చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ఈసారి మా గుమ్మానికి ప్రార్థన కూడా చెయ్యలేదు. వద్దన్నప్పుడు చేసింది, కావాలనిపించినప్పుడు చెయ్యలేదు.

సంచి అరుగు మీదే ఉండిపోయింది. ఎవరింటి కోళ్ళో వచ్చి మూతి చింపి పొడుచుకు తింటున్నా లోపలికి తెచ్చుకునే మొహం నాకు లేదు.

నాకు సిగ్గేసింది. గుళ్ళో పడే సిగ్గు నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం పాపులం, పాపులం అని అందరం కలిసి చదివి, క్షమాపణ దొరికిందనిపించుకుని, ఇంటికొచ్చి కోడికూర తిన్నవాళ్ళమే. ఆ సిగ్గు పన్నెండు గంటలకల్లా తీరిపోయేది. దీనికి అట్లాంటి సదుపాయం లేదు. క్షమించటానికి పైన ఎవరూ లేరని నేనే తేల్చుకున్నాను. ఇక ఆ పని చెయ్యగలిగింది నాగమ్మత్త ఒక్కతే, ఆవిడేమో నన్ను చూస్తే వీధి మారుతోంది. బళ్ళో పిల్లలకి తప్పుచేస్తే సారీ చెప్పండర్రా అని ఎంత తేలిగ్గా చెప్పేదాన్నో తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయేది.

ముందు పాడుచేసిందాన్నైనా బాగుచేద్దామని కోటేశ్వరమ్మ దగ్గరికి వెళ్ళాను. "వదినా, మీరు పిడికెడు బియ్యం మళ్ళీ తియ్యండి," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దేవుడికి బియ్యం దేనికన్నావు గదా?"

"అన్నాను. తప్పయింది."

"అయితే ఉన్నాడంటావా ఇప్పుడు?"

"అది కాదు వదినా, నాగమ్మత్త..."

"ఉంటే ఉన్నాడని చెప్పు, తీస్తాను. లేకపోతే లేడని చెప్పు, మానేస్తాను. పూటకో మాట చెప్పకమ్మా టీచరమ్మా, మాకు పనులున్నాయి," అని తలుపు దగ్గరికి వేసింది. ఆ నాలుగిళ్ళవాళ్ళూ ఇవాళ్టికీ తియ్యటం లేదు. నేను వెళ్ళి అడిగినప్పుడల్లా నవ్వుతారు.

క్రిస్మస్ ముందు ఆదివారం. గుడి విడిచాక వీధంతా మసాలా వాసన. మా ఆయన సంఘం పనిమీద అక్కడే ఉండిపోయాడు. నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, వండబుద్ధి పుట్టలేదు. లేచి, చేతిలో ఏమీ పట్టుకోకుండా, కాలవ గట్టు మీదున్న నాగమ్మత్త ఇంటికి నడిచాను. దారిపొడుగునా ఒకటే మాట మనసులో అనుకుంటూ వెళ్ళాను: నన్ను క్షమించత్తా.

ఒక్క గది, పైన రేకులు. గుమ్మంలో చాట పెట్టుకుని కూర్చుంది. చాటలో ధాన్యం. మిషన్లు కోసిపోయాక పొలంలో రాలిన కంకులు ఏరుకోవటాన్ని మేము పరిగె అంటాం. ఆ వయసులో ఆ బురదలో వంగి పరిగె ఏరుకొచ్చింది. తుపాను నీళ్ళు తాగిన గింజలు నల్లబడి ఉన్నాయి.

"ఏంటి?" అంది తలెత్తకుండా.

దారంతా అనుకున్న మాట నోట్లోంచి రాలేదు. క్షమించమన్న మాట నేను ఎన్నేళ్ళు గుంపులో నిలబడి చదివానో, ఒంటరిగా ఒక మనిషి ముందు అనబోతే అది అరువు తెచ్చుకున్న చీరలాగుంది. లోపలి నుంచి ఉడికిన అన్నం వాసన వచ్చింది. కడుపులో పేగులు అరిచాయి.

"అత్తా, అన్నం ఉందా?" అన్నాను. "ఆకలేస్తుంది."

అప్పుడు చూసింది నా వైపు. "నాటకమా?"

"కాదు. పొద్దున్నుంచీ తినలేదు."

"మీ ఇంట్లో లేకనా?"

"ఉంది. వండుకోలేదు."

మళ్ళీ చాటలోకి వంగింది. ఇంతమందికి నీతులు చెప్పిన నేను, ఆవిడ పెట్టకపోతే ఏం చెయ్యాలో తెలియక, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకరి గుమ్మంలో అట్లా నిలబడటం ఎంత కష్టమో కాళ్ళకి తెలిసింది. ఒకవేళ పొమ్మంటే వెనక్కి ఎట్లా నడవాలా అని కూడా ఆలోచించాను.

"ఎండలో ఎందుకు, లోపలికి రా," అంది.

నేల మీద రెండు కంచాలు పెట్టింది. అన్నం ఎర్రగా ముద్దగా ఉంది, కాస్త బురద వాసన. కాల్చిన ఎండుచేప ఒకటి తుంచి పెద్ద ముక్క నా కంచంలో వేసింది. నేను చెయ్యి పెట్టబోతుంటే "ఆగు" అంది. కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, ఈ అన్నం ఇచ్చినందుకు వందనాలు. ఈ పిల్లకి నువ్వక్కర్లేదంట. నాకు కావాలి. అందుకని ఇద్దరి తరపునా నేనే చెప్తన్నా. ఆమేన్."

నేను కళ్ళు మూసుకోలేదు. ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నెల క్రితం అట్లా లేవు. ఆమేన్ అనలేకపోయాను. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసింది.

"అన్నమైనా తింటావా, దానికీ ఏదన్నా పాఠముందా?"

తిన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే చేప కారమన్నాను. చేపలో కారం లేదని ఇద్దరికీ తెలుసు.

"తప్పు చేశానత్తా," అన్నాను చివరికి, కంచంలోకి చూస్తూ.

"చేశావు," అంది. అంతే. ఏం పర్లేదు అనలేదు. మర్చిపోయాననీ అనలేదు.

ముద్ద కలుపుతూ అడిగాను. "రేపు మా ఇంటికి అన్నానికి రా అత్తా."

ఆవిడ చేపముల్లు తీసి పక్కన పెట్టి తీరిగ్గా నమిలింది.

"వస్తా," అంది. "ఇప్పుడు పిలిస్తే వస్తా. నా ఇంట్లో తిన్నావు గాబట్టి వస్తా. నీ చారులో ఉప్పుండదని ప్రభుదాస్ చెప్తానే ఉంటాడు, అయినా వస్తాలే."

లేచి కుండ దగ్గరికి వెళ్ళి అడుగు గీరి గరిటె నింపుకొచ్చింది. కుండ ఒరిగి దాని మూతి నా వైపే ఉంది. అందులో ఇంకేం లేదు. అది ఆవిడ రాత్రి అన్నం. చాలత్తా, నువ్వుంచుకో అన్న మాట నా పెదాల దాకా వచ్చింది. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి నేను ఏమంటానా అని చూస్తోంది.

కంచం ముందుకి జరిపాను.